అరుదైన వ్యాధికి అందుబాటులో వైద్యుడు

వైద్యుడు లేని ఊరిలో కాపురముండరాదని తెలుగు పెద్దలు చెప్పినారు. సగము నేర్చిన హకీము ప్రాణమునకే ముప్పని, ‘నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్’ అని, ఉర్దూ పెద్దలు హెచ్చరించినారు. మన కళాశాల వరండాలలో ఈ రెండు భాషలును వినిపించును గనుక ఈ రెండు మాటలును మనకు చిన్ననాటి నుండి తెలిసినవే. అయితే ఊరినిండ వైద్యులుండియు, వారిలో చాలమంది సక్రమముగా చదువుకొన్నవారే అయియు, ఒక రోగికి మాత్రము వైద్యుడు దొరకని స్థితి ఒకటి కలదు. ఆ స్థితిని గురించియే విద్యార్థులకును, పాలకవర్గము వారికిని నాలుగు మాటలు విన్నవింపదలచినాము.

మన విద్యార్థి ఒకని విషయముతో ప్రారంభింతుము. అతని పేరు వ్రాయము. అతడును, అతని తల్లిదండ్రులును సమ్మతించిన మేరకే ఈ సంగతులు చెప్పుచున్నాము. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమున చేరినప్పుడు అతడు చివరి బెంచీలో కూర్చుండెడివాడు. హాజరు పిలిచినప్పుడు రెండవసారి గాని పలికెడివాడు కాడు. ప్రశ్న అడిగినచో ప్రక్కవాని ముఖము వైపు చూచెడివాడు. మేము అతనిని శ్రద్ధ లేనివానిగా తలచినాము. ఒకటి రెండు పర్యాయములు తరగతి వెలుపల నిలబెట్టినాము కూడ. ఆ తప్పు మాదే. ఈ వ్యాసము వ్రాయుటకు అదియు ఒక కారణము.

ఆ అబ్బాయికి ఏడవ ఏటి నుండి ఒక బాధ ఉన్నది. జలుబు, గొంతునొప్పి, జ్వరము వచ్చినప్పుడెల్ల రెండు మూడు దినములపాటు మూత్రము సులేమానీ చాయ్ రంగులో వచ్చెడిది. జ్వరము తగ్గగానే ఆ రంగును పోయెడిది. తండ్రి మోటారు మెకానిక్కు. ఒక దినము షెడ్డుకు పోకున్న ఆ దినపు కూలి పోయినట్లే. అయినను ఆయన బిడ్డను తీసికొని తిరుగని చోటు లేదు. మొదట వీధిలోని ఆర్.ఎం.పి. గారు వేడి చేసినదని చెప్పి బార్లీ నీళ్ళు త్రాగించుమన్నారు. తరువాత ఒకరు మూత్రములో చీము చేరినదని సూదులు వేసినారు. మరియొకరు రాళ్ళున్నవన్నారు. స్కానింగులో రాయి కనిపించకపోగా, చిన్నవి గనుక కనిపించలేదని సమాధానము వచ్చినది. ఇంకొకచోట పేరు తెలియని చూర్ణమొకటి నలుబది దినములు మింగించినారు. ఈ తిరుగుడులో తొమ్మిది సంవత్సరములు గడచినవి. అందరును ఏదో ఒక పేరు పెట్టినారు. ‘ఇది నాకు తెలియలేదు’ అన్నవారు మాత్రము ఒక్కరును లేరు.

ఆ ఇంటిలోనే మరియొక సంగతి ఉన్నది. తల్లికి తమ్ముడొకడు ఉండెడివాడు. ఇరువది ఆరవ ఏట మూత్రపిండములు రెండును చెడి, డయాలసిస్ మీద కొన్ని నెలలుండి కన్నుమూసినాడు. పిల్లలు అతనిని బిగ్గరగా పిలిచెడివారట. ఏలననగా మామూకు సరిగా వినిపించెడిది కాదు. మేనమామ మరణమునకును, మేనల్లుని మూత్రపు రంగునకును, వారిరువురి చెవులకును సంబంధముండునని ఆ ఇంటిలో ఎవరికిని తోచలేదు. తొమ్మిదేండ్లలో ఏ వైద్యుడును అడుగనూ లేదు.

చివరకు అడిగినవారు మన పట్టణములోనే ఉన్నారు. సందులో చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు తప్ప మరేమియు లేని సాధారణ వైద్యులొకరు. అబ్బాయి జ్వరముతో పోయినప్పుడు వారు మూత్రమును పట్టీతో పరీక్షించినారు. రక్తముతో పాటు ప్రోటీను కూడ కనిపించినది. లాబొరేటరీకి చీటీ వ్రాసి, సూక్ష్మదర్శినిలో ఎర్ర రక్తకణముల ఆకారము చూచి చెప్పుమన్నారు. మూత్రపిండపు జల్లెడ నుండి దూరి వచ్చిన కణములు ఆకారము చెడి యుండును. రాయి గీరుట వలన వచ్చిన రక్తములో అట్లుండవు. అటు తరువాత తల్లి వైపు తిరిగి, “ఇంట్లో ఇంకెవరికైనా కిడ్నీ జబ్బు ఉందామ్మా?” అని అడిగినారు. ఆమె తమ్ముని సంగతి చెప్పినది. “ఆయనకు చెవులు బాగా వినిపించేవా?” అని అడిగినారు. ఆమె కొంతసేపు మాటాడలేదు. అప్పుడు వారు చెప్పిన మాట ఇది: “ఇది ఫలానా అని నేను ఖాయంగా చెప్పలేను. రాళ్ళు మాత్రం కావు. హైదరాబాదుకు చీటీ రాసి ఇస్తాను. అక్కడ చూపించుకొని, వాళ్ళు ఏమి రాసినా తీసుకొని మళ్ళీ నా దగ్గరకే రండి.”

హైదరాబాదులో మూత్రపిండముల నిపుణులు పరీక్షించి, చెవి, కన్ను చూపించి, జన్యుపరీక్షకు రక్తము పంపినారు. వ్యాధికి పేరు దొరికినది. ఆల్‌పోర్ట్ సిండ్రోము అని దాని పేరు.

ఈ వ్యాధి స్వభావమును కొంచెము వివరింపవలసి యున్నది. మూత్రపిండములు, అనగా మన ఇండ్లలో కిడ్నీలనియు గుర్దాలనియు చెప్పుకొనునవి, రక్తమును వడగట్టు జల్లెడలు. ఆ జల్లెడకు ఆధారమైన పలుచని పొర నాలుగవ రకము కొలాజెన్ అను ప్రోటీనుతో అల్లబడియున్నది. ఈ ప్రోటీనును తయారుచేయు జన్యువులో లోపమున్నచో అల్లిక బలహీనమగును. మొదట ఎర్రకణములు జారును. కొన్నేండ్లకు ప్రోటీను జారును. ఆ పిమ్మట జల్లెడలు ఒక్కొక్కటిగా మచ్చకట్టి మూసికొనిపోవును. అదే ప్రోటీను లోపలి చెవిలోను, కంటిలోను ఉన్నది. అందుచేత బాల్యము చివరిలోనో, యౌవనారంభముననో సన్నని శబ్దములు వినబడుట తగ్గును. కొందరికి కంటి కటకము ముందుకు ఉబ్బును. ఇది అంటువ్యాధి కాదు. తిండి వలనను, నీటి వలనను వచ్చునది కాదు. ఎవరి పాపఫలమును కాదు.

ఎక్కువ కుటుంబములలో ఈ లోపము ఎక్స్ క్రోమోజోము మీద ఉండును. తల్లికి లోపమున్న జన్యువు ఒకటి ఉన్నచో, పుట్టు ప్రతి కుమారునికిని వ్యాధి వచ్చు అవకాశము సగము. తండ్రికి వ్యాధి ఉన్నచో కుమార్తెలందరికిని ఆ జన్యువు సంక్రమించును, కుమారులకు సంక్రమించదు. ఈ రకము వ్యాధి ఉన్న పురుషులలో సుమారు సగము మందికి 25 ఏండ్లలోపు, నూటికి తొంబది మందికి 40 ఏండ్లలోపు మూత్రపిండములు పనిచేయుట మానునని వైద్యులు లెక్కకట్టినారు. జన్యువు ఉన్న స్త్రీలు కేవలము మోయువారు మాత్రమే కారు. వారిలో చాలమంది మూత్రములో కంటికి కనబడని రక్తముండును. కొందరికి నడివయసు తరువాత మూత్రపిండములు చెడును. మరియొక రకములో తల్లిదండ్రులిరువురి నుండియు లోపమున్న జన్యువు రావలెను. ఆ రకములో ఆడపిల్లలకును మగపిల్లలతో సమానముగా వ్యాధి తీవ్రమగును.

ఈ వ్యాధికి పేరిచ్చిన సెసిల్ ఆల్‌పోర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టిన వైద్యుడు. ఒకే కుటుంబములో తరతరములుగా మూత్రములో రక్తమును, చెవుడును కలిసి వచ్చుటను, మగవారు చిన్నవయసులో మరణించుటను గమనించి 1927లో లండనులో ప్రకటించినాడు. ఆయన తరువాత ఈజిప్టునకు పోయి కైరోలో వైద్యాచార్యుడుగా పనిచేసినాడు. అక్కడి ఆసుపత్రులలో పేదరోగులు పడు అవస్థలు చూచి సహింపలేక, ‘ఒక గంట న్యాయము’ అను అర్థమిచ్చు పేరుతో 1946లో ఒక గ్రంథమే ప్రచురించినాడు. అరుదైన వ్యాధిని కనిపెట్టిన కన్నే పేదవాని పడక వద్ద జరుగు అన్యాయమును కూడ చూడగలిగినదని మేము భావింతుము. ఇంటిలో ఎవరెవరికి ఏమేమి వచ్చినదో ఓపికగా అడిగి తెలిసికొనుటయే ఆయన పరిశోధనకు మూలము. మన సందులోని వైద్యులు చేసినదియు అదే.

ఇక చికిత్స. ఈ వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు లేదు. కాని దానిని చాలకాలము ఆపి ఉంచగల మందు ఉన్నది. అది విదేశముల నుండి తెప్పించుకొనవలసినది కాదు. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి, రక్తపోటునకు వాడు మాత్రలే. మన మందుల దుకాణములలో కొన్ని రూపాయలకే దొరకును. ఐరోపా దేశములలోని రోగుల వివరములు సేకరించి 2012లో ప్రకటించిన ఒక పరిశీలన ఉన్నది. మందు వాడనివారిలో సగము మందికి 22వ ఏటికే డయాలసిస్ వంటి చికిత్స అవసరమైనది. మూత్రపిండముల పని తగ్గిన తరువాత మందు ప్రారంభించినవారిలో ఆ వయసు 25. పని తగ్గకముందే, మూత్రములో ప్రోటీను కనబడిన దశలోనే ప్రారంభించినవారిలో ఆ వయసు 40. మందు ఒక్కటే, రోగము ఒక్కటే. తేడా కాలములోనే ఉన్నది. 22కును 40కిని నడుమ ఉన్న పదునెనిమిది సంవత్సరములలో ఒక మనిషి డిగ్రీ చదువును, ఉద్యోగము చేయును, పెండ్లి చేసికొనును, బిడ్డలను బడికి పంపును. మన విద్యార్థి ఆ ఏడేండ్ల వయసునుండి చూర్ణములతోను, సూదులతోను పోగొట్టుకొన్నది ఎటువంటి కాలమో ఈ అంకెలు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయమునకు ఇప్పుడు వచ్చినాము. అరుదైన వ్యాధి అనగానే మన చూపు పెద్ద నగరము వైపు పోవును. అది సహజము. వ్యాధికి పేరు పెట్టుటకు నగరము కావలసినదే. హైదరాబాదులో నిమ్స్ ఉన్నది. తిరుపతిలో స్విమ్స్ ఉన్నది. 1971లో మన దేశమున మొదటిసారి మూత్రపిండము మార్పిడి విజయవంతముగా జరిగిన వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల ఉన్నది. కాని పేరు పెట్టుట ఒకనాటి పని. చికిత్స ప్రతిదినపు పని. ఆ మాత్ర మొదలుపెట్టిన వారము పది దినములలో రక్తములో క్రియాటినిన్, పొటాషియం చూడవలెను. మోతాదు పెంచినప్పుడెల్ల మరల చూడవలెను. రక్తపోటు చూడవలెను. కొన్ని నెలలకొకసారి మూత్రములోని ప్రోటీనును కొలువవలెను. వాంతులు, విరేచనములు పట్టుకొన్న దినమున మాత్ర ఆపవలెనా వద్దా అని ఎవరినైన అడుగవలెను. పెండ్లి అయిన స్త్రీ గర్భము ధరింపదలచినచో ఆ మందు ముందుగానే మార్పించవలెను, ఏలననగా అది గర్భస్థశిశువునకు హానికరము. కర్నూలు నుండి హైదరాబాదు 200 కిలోమీటర్లకు పైగా ఉన్నది. ఒక మెకానిక్కు ఒక రక్తపరీక్ష కొరకు ఎన్నిసార్లు పోగలడు? రెండు పర్యాయములు పోవును, మూడవ పర్యాయము అప్పు చేసి పోవును, నాలుగవ పర్యాయము మానివేయును. ఆ మానివేసిన చోటనే రోగము గెలుచుచున్నది. కావున రోగికి దూరమున ఒక నిపుణుడును, దగ్గర ఒక వైద్యుడును కావలెను. దూరపువాడు దారి చూపును. దగ్గరివాడు ఆ దారిని తోడు వచ్చును. మొదటివాడు దొరికినచో చాలునని మనము అనుకొనుచున్నాము. రెండవవాడు దొరకనిదే మొదటివాని చీటీ బీరువాలో కాగితము మాత్రమే.

అట్టి వైద్యుని గుర్తించుట ఎట్లు? ఆ కుటుంబముతో మాట్లాడి, వారు నేర్చుకొన్న దానిని బట్టి కొన్ని గుర్తులు చెప్పుదుము. ఆయన ఆ వ్యాధిని ముందే ఎరిగియుండ నవసరము లేదు. వేలమందిలో ఒకరికి వచ్చు వ్యాధిని పట్టణపు వైద్యుడు జీవితకాలములో ఒకసారియైనను చూడకపోవచ్చును. కాని తెలియనిదానిని తెలియదని చెప్పు ధైర్యము ఆయనకుండవలెను. నిపుణుని ఉత్తరమును చదివి, సందేహము వచ్చినచో ఫోనులో మాట్లాడుటకు వెనుదీయరాదు. ఇంటిలో ఎవరికి ఏమి వచ్చినదని అడుగవలెను. పాత కాగితములను త్రోసివేయక చూడవలెను. ఆయన అర్హత, రిజిస్ట్రేషను సక్రమముగా ఉండవలెను. ఇవి ఉన్నచో ఆయన ఎం.డి. చదివిన జనరల్ వైద్యుడైనను, పిల్లల వైద్యుడైనను, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు డాక్టరైనను చాలును. ప్రభుత్వపు ఈ-సంజీవని ఏర్పాటు ద్వారా ఆరోగ్యకేంద్రము నుండియే నిపుణునితో మాట్లాడు వీలు ఇప్పుడు కలదు. మన పెద్దాసుపత్రి ఉండనే ఉన్నది. పొడవైన వరుసకు జంకి దానిని మరచిపోరాదు.

రోగి వైపున చేయవలసినవియు ఉన్నవి. కాగితములన్నియు తేదీల వరుసలో ఒకే ఫైలులో ఉంచవలెను. పై పుటలో వ్యాధి పేరు, వాడుచున్న మందులు, చివరి క్రియాటినిన్ అంకె వ్రాసియుంచవలెను. తలనొప్పికో, కాలునొప్పికో మందుల దుకాణములో అడిగి తెచ్చుకొను నొప్పిమాత్రలు మూత్రపిండములకు చేటు చేయును. వైద్యుని అడుగక వాటిని ముట్టరాదు. పేరు, పాళ్ళు తెలియని చూర్ణములును, భస్మములును అట్లే. యునానీనిగాని, ఆయుర్వేదమునుగాని నిందించుట మా ఉద్దేశము కాదు. ఏమి మింగుచున్నామో తెలియకుండ మింగుటనే నిందించుచున్నాము. రంజాను మాసమున ఉపవాసముండదలచినవారు వైద్యుని ముందుగా అడుగవలెను. రోగికి సడలింపు ధర్మమే ఇచ్చినది. దానిని గ్రహించుట భక్తికి లోపము కాదు.

ధనసహాయమును గురించి కూడ తెలిసియుండవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, పేర్లు మారుచు వచ్చిన రాష్ట్రపథకములో డయాలసిస్ వంటి చికిత్సలున్నవి. 2016లో కేంద్రము జిల్లా ఆసుపత్రులలో పేదలకు ఉచిత డయాలసిస్ కొరకు జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానము వచ్చినది. దాని క్రింద గుర్తింపబడిన కేంద్రములలో హైదరాబాదులోని నిమ్స్, డి.ఎన్.ఎ. వేలిముద్రల పరిశోధనకేంద్రము కలసి ఒకటిగా ఉన్నవి. ఆ విధానములో చేరిన వ్యాధులకు 2022 నుండి 50 లక్షల రూపాయల వరకు సహాయమునకు వీలు కల్పించినారు. ఏ వ్యాధి ఏ వర్గములో చేరునో అక్కడనే అడిగి తెలిసికొనవలెను. 2014లో రాష్ట్రము వేరుపడినది గనుక, మన కార్డు హైదరాబాదులోని ఏ ఆసుపత్రిలో చెల్లునో బయలుదేరకముందే ఆరోగ్యమిత్రను అడుగుట మంచిది.

ఇక్కడ కొందరు ఆక్షేపించవచ్చును. వేలలో ఒకరికి వచ్చు వ్యాధి కొరకు కళాశాల శ్రమపడుట ఏలయని ప్రశ్నింపవచ్చును. దానికి మా సమాధానము సులభము. ఈ వ్యాధిని మొదట పట్టియిచ్చినది ఒక మూత్రపరీక్ష పట్టీ. అదే పట్టీ మధుమేహమును పట్టును, ఇతర మూత్రపిండ వ్యాధులను పట్టును. రక్తపోటు చూచు పట్టీ ఉపాధ్యాయులకును పనికివచ్చును. ఒక్కని కొరకు తెరచిన తలుపు నూరుమందికి ఉపయోగపడును. మన రాష్ట్రములోనే శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో కారణము తేలని మూత్రపిండవ్యాధి ఎన్నో కుటుంబములను కూల్చినది. అక్కడ పలాసలో 2023లో ప్రత్యేక ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును వెలసినవి. వ్యాధి వేరు, కారణము వేరు. కాని పాఠమొకటే: మూత్రపిండములు నొప్పి లేకుండ చెడును, వెదకినవానికే కనబడును.

రెండవ ఆక్షేపణ పైకి వినిపించదు, కాని అదియే బలమైనది. ‘ఈ సంగతి బయటపడినచో ఆడపిల్లకు సంబంధము రాదు.’ ఆ విద్యార్థికి అక్క ఉన్నది. ఆమె మూత్రము పరీక్షింపవలెనని నిపుణులు చెప్పగా ఇంటిలో పెద్దవారు ఒప్పుకొనలేదు. నిఖా అయిన తరువాత చూతమన్నారు. ఇది ఒక మతము వారి మాట కాదు. మన ప్రాంతములో దగ్గరి బంధువులలో పెండ్లిండ్లు ముస్లిము కుటుంబములలోను, మేనరికముల పేరిట హిందూ కుటుంబములలోను ఉన్నవే. కోడలికి సంబంధించిన నింద అందరి ఇండ్లలోను ఒకేవిధముగా ఉన్నది. బిడ్డకు వ్యాధి వచ్చినదని తల్లిని నిందించుట అజ్ఞానము. జన్యువును ఎవరును కోరి తెచ్చుకొనరు. దాచుట వలన వ్యాధి దాగదు. పరీక్ష మాత్రమే దాగును. పెండ్లి జరిగిన పదేండ్లకు ఆమెకు రక్తపోటు పెరిగినప్పుడు కారణము తెలియక మరల తొమ్మిదేండ్ల తిరుగుడు ప్రారంభమగును. అంతేకాదు, తమ్మునికి ఒకనాడు మూత్రపిండము దానము చేయవలసివచ్చినచో, తల్లి గాని అక్క గాని ఇచ్చుటకు తగుదురా తగరా అని తెలిసికొనుటకును ఆ పరీక్ష కావలెను. మార్పిడి చేసిన మూత్రపిండములో ఈ వ్యాధి మరల రాదు. ఆ మాట ఆశ కలిగించునది. కాని ఇచ్చు చేతిని కాపాడుకొనుటయు ధర్మమే.

అందుచేత పాలకవర్గము వారికి మేము చేయు మనవులు ఇవి. ప్రవేశ సమయమున ప్రతి విద్యార్థికిని రక్తపోటు, మూత్రపు పట్టీ, వినికిడి పరీక్షలు జరిపింపవలెను. దీనికి అయ్యెడి వ్యయము మన వార్షికోత్సవపు పందిరి ఖర్చును మించదని మా నమ్మకము. ఫలితము విద్యార్థికిని, తల్లిదండ్రులకును తప్ప మరెవరికిని తెలియరాదు. దానిని సాకుగా తీసికొని ఒక్కనికైనను సీటు నిరాకరింపరాదు. ఆసుపత్రికి పోయిన దినములను హాజరు లెక్కలో మినహాయింపవలెను. గ్రంథాలయములో, పట్టణములోని వైద్యుల జాబితాను వారి అర్హతలతో, చూచు వేళలతో, ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ఉంచవలెను. ప్రతి సంవత్సరము దానిని సరిచేయు పనిని విద్యార్థి సంఘము వారు తీసికొనవలెను. జకాత్ సొమ్ము నుండియు, ఇతర దాతల విరాళముల నుండియు కొంత మొత్తమును వేరుచేసి, పేద విద్యార్థుల పరీక్షలకును, ప్రయాణములకును వినియోగింపవలెను. ఏడాదికొకసారి పెద్దాసుపత్రి వైద్యులను పిలిచి మాట్లాడింపవలెను.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మాట. రెండవసారి పిలిచిన గాని పలుకని పిల్లవాడు కనబడినచో, అతనిని వెలుపల నిలబెట్టుటకు ముందు దగ్గరకు పిలిచి మెల్లగా ఒక ప్రశ్న అడిగి చూడుడు. మాకు ఆ బుద్ధి ఆలస్యముగా వచ్చినది.

విద్యార్థులకు మరియొక మాట. మీలో కొందరు డాక్టర్లు కావలెనని కోరుకొనుచున్నారు. అందరును నగరములో నిపుణులు కావలెనని లేదు. మీ ఊరికి తిరిగివచ్చి, చిన్న గదిలో కూర్చుండి, ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అని అడుగు వైద్యుడగుట చిన్న పని కాదు. ఒక కుటుంబమునకు పదునెనిమిదేండ్లు మిగిల్చునది ఆ ప్రశ్నయే కావచ్చును.

ఆ విద్యార్థి ఇప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరములో ఉన్నాడు. చెవికి యంత్రము పెట్టుకొని మొదటి బెంచీలో కూర్చుండుచున్నాడు. ప్రతిదినము ఒక మాత్ర మింగుచున్నాడు. మూడు నెలలకొకసారి ఆ సందులోని వైద్యుల వద్దకు, ఏడాదికొకసారి హైదరాబాదునకు పోవుచున్నాడు. మూత్రములో ప్రోటీను తగ్గినది. క్రియాటినిన్ ఇంకను హద్దులోనే ఉన్నది. రేపు ఏమగునో చెప్పగలవారు లేరు. అతని అక్క పరీక్ష చేయించుకొనుటకు ఈ సంవత్సరము తల్లి ఒప్పుకొన్నది. తండ్రి ఇంకను ఆలోచించుచున్నాడు. పాలకవర్గము వారును ఆలోచింతురు గాక. అయితే మన అందరి ఆలోచన తొమ్మిదేండ్లు పట్టరాదని మా మనవి.